సగంలో ఆగిన ఓవరు

కాన్వెంటు నుంచి,
మార్చి 14.

అన్నయ్యా,

ఇది నువ్వొక్కడివే చదువుకో. వదిన చదివినా పర్లేదు. అమ్మకి మాత్రం వినిపించొద్దు. ఆమెకి వేరే కాగితం రాశాను, కొత్తగా నేర్చుకున్న పాటల గురించి, మేం పెంచే బొప్పాయి చెట్ల గురించి. ఆమెకి అది చాలు.

గురజాల దిక్కు ఎండల సంగతి నీకు చెప్పేదేముంది. పొద్దున పూజ అయ్యేసరికే గచ్చు కాలుతోంది. నేనిక్కడ సిస్టర్ల శిక్షణకి నోవీసుగా చేరి పది నెలలు కావస్తోంది. ఈ ఏడాదంతా గేటు దాటకూడదు, ఫోను పండగలకే, ఉత్తరాలు నెలకి ఒకటో రెండో. ఇవన్నీ తెలిసే వచ్చాను, కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నా కుడిచేత్తో.

నవ్వొద్దు. చాపెల్‌లో అరగంట మౌనంగా మోకరించాలి. అందరూ కళ్ళు మూసుకుని ఎక్కడికో వెళ్ళిపోతారు. నాకేమో భుజం లోపల చెయ్యి గిర్రున తిరుగుతా ఉండిద్ది. నరసరావుపేటలో కాలేజీ టీముకి బౌలింగు చేసినప్పుడు కూడా ఇంతగా తిరగలా. మొన్న వంటింట్లో నిమ్మకాయలు ఏరుతున్నాం. ఒకటి సరిగ్గా వేళ్ళ మధ్యకొచ్చి కూర్చుంది. చూసుకునేసరికి నాలుగడుగులు పరిగెత్తి గోడకేసి కొట్టాను. సిస్టర్ ఫిలోమినా గుమ్మంలో నిలబడి ఉంది. మా నోవీసుల మంచీచెడూ చూసే పెద్దావిడ ఆమె. "పచ్చడికి పనికొచ్చేది అది" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

నిద్ర సరిగా పట్టట్లా. ఏ పని చేస్తున్నా ఇంకేదో సగంలో వదిలేసి వచ్చినట్టుండిద్ది. పుస్తకం పడితే తోటలో నీళ్ళు కట్టాలనిపిస్తది, నీళ్ళు కడుతుంటే పుస్తకం. ఏందో ఇది.

ఇంకో కబురు. ఇక్కడి చర్చి విచారణ గురువు ప్రభు ఫాదర్ మే ఒకటిన, పనివాళ్ళ జోజప్పగారి పండగ నాడు, మధ్యాన్నం సరదా క్రికెట్ ఆట పెడదామంటున్నారు. మా వైపు నోవీసులం, స్కూలు టీచర్లు, ఫాదరూ. ఎదురు జట్టే దొరకలా. ఊళ్ళో కుర్రాళ్ళని అడిగితే సిస్టర్లతో ఏం ఆడతాం అని నవ్వారంట.

నాన్న దగ్గు ఎట్టా ఉందో రాయి.

శాంతి


పిడుగురాళ్ల,
మార్చి 22.

శాంతికి మీ అన్న అనిల్ కుమార్ రాసేది.

నీ ఉత్తరం టిప్పర్‌లో కూర్చుని చదివా. క్వారీ కాడ లోడింగు లేటు, నా ముందు బోలెడు బళ్ళు. రెండుసార్లు చదివా. ఫోనుంటే రెండు ముక్కల్లో తేలిపోయేది. నాకు రాయడం రాదని తెలిసి కూడా నన్ను ఈ పని చేయిస్తున్నావు.

చెయ్యి ఊరుకోవట్లేదంటావు. చెయ్యి కాదమ్మాయ్, మనసు. నిమ్మకాయని గోడకేసి కొట్టే మనిషి బాగున్నట్టా? నిద్రపట్టని మనిషి బాగున్నట్టా? నువ్వు అక్కడికి పోయేటప్పుడే నేను వద్దన్నా. అమ్మ మురిసిపోయింది, నాన్న ఏమీ అనలా, వద్దన్నది నేనొక్కణ్ణే. సరే, అయిపోయింది. కానీ నిన్నెవరూ తరమలేదు, అక్కడెవరూ కట్టెయ్యలేదు. రావాలనుంటే వచ్చెయ్. నీ గది అట్టానే ఉంది. మీ వదిన వాసంతి వానొచ్చినప్పుడు బట్టలు ఆరేస్తోంది, అంతే.

నాన్నకి దగ్గు తగ్గింది. సున్నం బట్టీకి పోవడం మానేశాక ఒంటి మీద తెలుపు దిగింది. ఆయన ఇంత నలుపని మన ఇద్దరికీ ఇన్నాళ్ళూ తెలియదు. అద్దంలో చూసుకుని ఆయనకే కొత్తగా ఉందంట.

ఆటకి మేం వస్తాం. బట్టీల కాడ కుర్రాళ్ళం ప్రతి ఆదివారం ఆడుకుంటానే ఉన్నాం. సిస్టర్లతోనా అని మావాళ్ళూ నవ్వారు. మా చెల్లెలి బంతి ఒక్కటి ఆడి అప్పుడు నవ్వండి అన్నా. ప్రభు ఫాదర్‌కి నేనే ఫోన్ చేస్తా. టెన్నిస్ బంతి అయితే నేను రాను. కార్కు బంతి తెస్తా. నీ చేతికి అదే మందు.

దాచుకోకుండా రాయి. నాకు చెప్పకపోతే ఎవరికి చెప్తావు.

అనిల్


కాన్వెంటు,
ఏప్రిల్ 8.

అన్నయ్యా,

ఈస్టరు నాడు ఫోన్లో అమ్మ గొంతు విన్నాను కానీ ఏం మాట్లాడానో గుర్తు లేదు. నా వెనక ఇంకా అయిదుగురు వరసలో నిలబడి ఉన్నారు. బాగున్నాను, బాగున్నారా, బాగున్నాను. పెట్టేశాను. పెట్టేశాక అడగాల్సినవన్నీ గుర్తొచ్చినయ్. నీకు ఫోనివ్వమని చెప్పేలోపు అయిపోయింది.

మీరు వస్తున్నారని ఫాదర్ చెప్పారు. నాలుగు రోజులుగా సాయంత్రాలు ప్రాక్టీసు చేస్తున్నాం. రొంపిచెర్ల నుంచి వచ్చిన అమ్మాయి బ్యాటుని రోకలి పట్టినట్టు పట్టుకుంటది. ముప్పాళ్ళ అమ్మాయి బంతి గాల్లో ఉంటే చాలు కళ్ళు మూసుకుని సిలువ గుర్తు వేసుకుంటది. సిస్టర్ ఫిలోమినా అంపైరు. రూల్సన్నీ చదివి నేర్చుకుంది. ఎల్బీడబ్ల్యూ మాత్రం ఒప్పుకోలా. "కాలికి దెబ్బ తగిలినవాణ్ణి పైగా అవుటంటారా" అంది. ఆ ఒక్కటీ లేకుండానే ఆడాలి మనం.

బంతి పట్టిన పూట బాగా నిద్రపడుతోంది. పట్టని పూట మళ్ళీ అదే.

ఒక సంగతి నీకే చెప్తున్నా. మే ఒకటి దాటాక నేను కాగితం రాసివ్వాలి. సిస్టర్ ఫిలోమినా తొందరపెట్టట్లా, కానీ అడుగుతోంది. రోజూ కాగితం ముందు పెట్టుకుంటున్నా, ఒక్క ముక్క రావట్లా. రాసిచ్చేస్తే ఇంక నేనిక్కడ ఎన్నాళ్ళో ఉండను. అది తల్చుకుంటే ఒక పక్క ఊపిరి ఆడినట్టుండిద్ది, ఒక పక్క భయం. అమ్మకి అప్పుడే చెప్పొద్దు. ఆమె తట్టుకోవడానికి టైము కావాలి.

వదినని అడిగానని చెప్పు. మంచినీళ్ళు ఎక్కువ తెచ్చుకోండి, ఇక్కడ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటయ్.

శాంతి


పిడుగురాళ్ల,
ఏప్రిల్ 17.

శాంతీ,

అర్థమయ్యింది. నువ్వు ఇంకేం రాయనక్కర్లా.

ఆ కాగితం గురించి బెంగపెట్టుకోకు. మాట్లాడాల్సినవాళ్ళతో నేను మాట్లాడా. నువ్వెవరికీ ముఖం చాటెయ్యక్కర్లా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లా. ఆ రోజు నువ్వు ఆట ఆడు, అంతే. మిగతాది అన్నని, నేను చూసుకుంటా.

నాకు ఈ వారం బండి మీద కూడా కాలు నిలవట్లా. లోడు తీసుకుని ఒకదారిన పోవాల్సింది ఇంకో దారిన పోయి తిట్లు తిన్నా. నాతోపాటు బళ్ళు తోలే పుల్లారావు ఏందిరా నీకు అంటాడు. ఏం చెప్పేది. మే ఒకటి ఎప్పుడొచ్చిద్దా అని ఉంది.

టిప్పర్‌ కడిగించి తీసుకొస్తాం. అమ్మా నాన్నా కూడా వస్తారు.

అనిల్


కాన్వెంటు,
మే 3.

అన్నయ్యా,

చెయ్యి ఎట్టా ఉంది? ముందు అది రాయి. నువ్వు రాయలేకపోతే వదినతో రాయించు. అరచేతిలో ఎముక విరిగిందని, మర్నాడు నరసరావుపేట తీసుకెళ్ళి కట్టు కట్టించారని ప్రభు ఫాదర్ చెప్పారు. ఇంకేం చెప్పలా. అడిగే ముఖం నాకు లేదు.

నిన్ను క్షమించమని అడుగుతున్నాను. అడిగి ఊరుకోను, జరిగింది నా వైపు నుంచి చెప్తాను. ఆ రోజు మనం మాట్లాడుకున్నదే లేదు.

మా బ్యాటింగు అయ్యేదాకా నేను ఎంత సంతోషంగా ఉన్నానో నీకు తెలియదు. మీవాళ్ళు రొంపిచెర్ల అమ్మాయికి మెల్లగా వెయ్యడం, ఆమె రోకటిపోటు పొడిస్తే బంతి మామిడిచెట్ల దాకా పోవడం, ఫాదర్ పరిగెత్తలేక సగంలో కూలబడటం, అన్నీ చూసి కడుపుబ్బ నవ్వాను. ఏడాదిలో అట్టా నవ్వలా. నేను తొందరగా అవుటైనా బాధ లేదు.

తర్వాత నిమ్మరసం ఇస్తున్నారు. అమ్మ టిప్పర్‌ నీడలో నిలబడి పిలిచింది. చేతిలో సంచి. "ఆట అయ్యాక ఇది వేసుకో అమ్మా, నీ ఆకుపచ్చ డ్రస్సు. ఇస్త్రీ చేయించా" అంది. ఎందుకమ్మా అన్నాను. "అన్నయ్య చెప్పాడులే. నాకు కోపం లేదు. ఎవరన్నా ఒక మాటంటే నేను చూసుకుంటా. గది కడిగించా. పద, మనింటికి పోదాం."

సిస్టర్ ఫిలోమినా గొడుగేసుకుని అక్కడే ఉంది. నా ముఖం చూసి పక్కకి తీసుకెళ్ళి చెప్పింది, నువ్వు ఈస్టరు అయ్యాక ఒక రోజు ఫోన్ చేశావంట. మా చెల్లెలికి అక్కడ ఇష్టం లేదు, భయపడి చెప్పట్లేదు, పండగ నాడు తీసుకుపోతాం అన్నావంట. "నువ్వే వచ్చి చెప్తావని ఇన్ని రోజులూ చూశాను" అంది.

నేనేం రాశాను, నువ్వేం చదివావు అన్నయ్యా? కాగితం అంటే మొదటి మాటపట్టుకి, అదే వ్రతప్రమాణానికి, పెట్టుకునే దరఖాస్తు. సిస్టర్నవుతాను, ఒప్పుకోండి అని రాసివ్వడం. ఇక్కడ ఎన్నాళ్ళో ఉండను అన్నది, మాటపట్టు అయ్యాక వేరే ఊరి కాన్వెంటుకి పంపుతారు కాబట్టి. అమ్మకి చెప్పొద్దన్నది, ఈసారి ఎంత దూరం వేస్తారో తెలియదు కాబట్టి.

అది విని నేను బంతి తీసుకున్నాను. నువ్వే ముందు బ్యాటింగుకి వచ్చావు. మొదటి బంతి వదిలేశావు. రెండోది బోరు షెడ్డు దాటించావు. దాటించి, నోవీసులందరూ వినేట్టు, "ఇంకా ఉంది నీలో. పద ఇంటికి" అన్నావు.

మూడోది నేను వికెట్ల మీదకి వెయ్యలా. నీ ముఖం చూశాను. నేల తగలకుండా ముఖం మీదకే వేశాను. నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు కాబట్టి చెయ్యి విరిగింది. ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోవట్లా.

అందరికీ చెయ్యి జారిందని చెప్పావంట. జారలేదు.

ఆట ఎవరు గెలిచారో కూడా నాకు తెలియదు. నేను చాపెల్‌లోకి పోయి కూర్చున్నాను. బయటికొచ్చేసరికి టిప్పర్ లేదు.

శాంతి


పిడుగురాళ్ల,
మే 11.

శాంతికి,

ఇది మీ వదిన వాసంతి రాత. మాటలు మీ అన్నవి. నావి ఏమన్నా ఉంటే బ్రాకెట్లో పెడతా, ఆయన చూడడు.

అరచేతిలో రెండు ఎముకలు. మోచేతి దాకా కట్టు. నెలపైన పట్టుద్దంట. టిప్పర్ పుల్లారావు తోలుతున్నాడు. ఇంట్లో కూర్చోలేకపోతున్నా. (పొద్దుగూకులూ గుమ్మంలోకి పోతాడు, లోపలికొస్తాడు. నిన్న రెండుసార్లు చెప్పులేసుకుని ఎటూ పోకుండా విప్పేశాడు.)

గెలిచింది మేమే. ఎవరూ అరవలా. నువ్వు పోయాక నీ ఓవరులో మిగిలిన మూడు బంతులు ఫాదరే వేశాడు.

నువ్వు రాసింది నేను తప్పు చదివా. ఒప్పుకుంటున్నా. కానీ చెయ్యి ఊరుకోదు, నిద్రపట్టదు, ఊపిరి ఆడినట్టుండిద్ది, అమ్మకి చెప్పొద్దు, ఇన్ని రాసి చివరికి నేను సిస్టర్నవుతా అని అర్థం చేసుకోమంటే నావల్ల ఎట్టా అయిద్ది. నా చోట ఎవరున్నా అదే అనుకుంటారు. (నేను అనుకోలా. ఒకసారి అడిగి చూడండి అన్నా. వింటే కదా.)

చెయ్యి జారిందని చెప్పింది నిన్ను కాపాడటానికి కాదు. నా సొంత చెల్లెలు నా ముఖం మీదకి వేసిందని బట్టీల కాడ ఎట్టా చెప్పుకునేది. నీ చేతిలోంచి బంతి వదిలేటప్పుడు నీ కళ్ళు చూశా. చిన్నప్పుడు క్వారీ గుంటలో ఆడేటప్పుడు నువ్వు నన్ను చూసేదానివి కాదు, వికెట్లనే చూసేదానివి. ఈసారి నన్ను చూశావు. అందుకే చెయ్యి లేచింది.

తిరుగు దారిలో పుల్లారావు తోలాడు. జానపాడు దాటాక నాన్న బండి ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్కన పత్తి పీకేసిన చేలోకి చూస్తా కాసేపు నిలబడ్డాడు. మళ్ళీ ఎక్కి, "దాన్ని ఎవరడిగార్రా" అన్నాడు. నన్నే అన్నాడు. ఇంటికొచ్చేదాకా అదొక్కటే మాట.

ఉండేదైతే ఉండు. వచ్చేదైతే రా. ఏదో ఒకటి సూటిగా రాయి. మధ్యలో ఉంచొద్దు. అమ్మకి మళ్ళీ పోయి నేను ఇంకో మాట చెప్పలేను.

అనిల్

(ఆయన బయటికెళ్ళాడు. ఇది నేను రాస్తున్నా శాంతీ. నీకు తెలియాలి. నువ్వొస్తున్నావని ఆయన చెప్పిన రోజు అత్తయ్య పొద్దున నుంచి సాయంత్రం దాకా ఏడ్చింది. మర్నాడు లేచి నీ గది కడిగింది. సున్నం వేయించింది. మంచానికి కొత్త నవారు అల్లించింది. నిన్ను దేవుడికిచ్చానని ఏడాదిపాటు వీధంతా చెప్పుకున్న మనిషి, పక్కింటి రత్తమ్మ పెద్దమ్మ దగ్గరికి తనే పోయి, మా పిల్ల వచ్చేస్తోంది, దానికక్కడ పడలా అని చెప్పొచ్చింది. సిగ్గుపడలా. పైగా నవ్వు దాచుకోలేకపోయింది. ఆ పది రోజులూ ఆమెని చూడాల్సింది నువ్వు. నిన్ను మొదట పంపినప్పుడు గుడి నిండా జనం ముందు ఏడ్చింది. ఈసారి ఇంటికొచ్చి డ్రస్సు మడిచి పెట్టెలో పెట్టి అన్నం వండింది. ఏడవలా. అది నాకు బాగలేదు.)


కాన్వెంటు,
జూన్ 2.

అన్నయ్యా, వదినా,

ఇద్దరికీ కలిపే రాస్తున్నా. సూటిగా రాయమన్నావు, రాస్తా.

వదిన బ్రాకెట్లో రాసింది మూడు రోజులు మళ్ళీ మళ్ళీ చదివా. తర్వాత సిస్టర్ ఫిలోమినా గదికి వెళ్ళి, నన్ను పంపించెయ్యండి అన్నాను. ఎందుకంది. "మా అన్న ముఖం మీదకి కావాలని బంతి వేశాను. ఇట్టాంటిదాన్ని మాటపట్టుకి ఎట్టా తీసుకుంటారు" అన్నాను.

"తెలుసు. నేను అంపైర్ని. నోబాల్ అని చెయ్యి కూడా పక్కకి చాపాను, ఆ గోలలో ఎవరూ చూడలా" అంది.

నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. అప్పుడు అడిగింది: "అంత కోపం ఎవరి మీద?" అన్న మీద అన్నాను. నాకు చెప్పకుండా నా గురించి మాట్లాడాడు అన్నాను. ఆమె నా వైపు చూస్తా కూర్చుంది. అట్టా చూస్తుంటే అబద్ధం ఎక్కువసేపు నిలబడదు. కోపం నీ మీద కాదు అన్నయ్యా. అమ్మ చేతిలో ఆ సంచి చూడగానే నాకు టిప్పర్ ఎక్కాలనిపించింది. అప్పటికప్పుడు, ఆట కూడా ఆపేసి. అమ్మ పక్కన కూర్చుని ఆమె భుజం మీద తల పెట్టుకుని నిద్రపోవాలనిపించింది. నువ్వు తప్పు చదివావని గట్టిగా చెప్పాలనుకున్న నిమిషంలోనే నువ్వు చదివింది సగం నిజమని తెలిసింది. అది తట్టుకోలేక వేశాను ఆ బంతి.

ఇదంతా సిస్టర్‌కి చెప్పాను. ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయింది. "ఇక్కడికి ఇరవై ఏళ్ళప్పుడు వచ్చాను. మా ఊరు మాచర్ల బస్సు హారన్ కొడితే ఇప్పటికీ తల తిప్పుతాను" అంది. నన్ను ఓదార్చడానికి కాదు, మామూలుగా చెప్పింది. తర్వాత, "గేటు తీయిస్తా. రేపు మధ్యాన్నం వెళ్ళి బస్టాపులో కూర్చో. మీ ఊరి బస్సు వచ్చిద్ది. ఎక్కాలనుంటే ఎక్కు. నీ సామాను పంపిస్తా, ఎవరూ ఒక్క మాట అనరు" అంది.

వెళ్ళాను. ఏడాది తర్వాత రోడ్డు మీద నిలబడితే లారీలన్నీ నా మీదకే వస్తున్నట్టున్నయ్. షెడ్డులో ఒక ముసలాయన ఎరువు బస్తా మీద కూర్చుని ఉన్నాడు, ఏ కాన్వెంటమ్మా అని అడిగాడు, అంతే. బస్సొచ్చింది. పిడుగురాళ్ల బోర్డు చూడగానే కాళ్ళు వాటంతటవే లేచినయ్. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాను కూడా. కండక్టరు "లోపలికి రండి సిస్టర్, సీటుంది" అన్నాడు. సీటుంది. కిటికీ పక్కనే. ఎవరూ వద్దనట్లా. అప్పుడు చూసుకున్నాను అన్నయ్యా, నాకు అమ్మ కావాలి, నువ్వు కావాలి, ఆ ఇల్లు కావాలి. కానీ ఆ ఇంట్లో రేపట్నుంచి నేను బతికే బతుకు మాత్రం నాకు కావాలనిపించలా. ఇంటికి పోవాలని ఉంది, ఉండిపోవాలని లేదు. ఈ రెండూ ఒకటేననుకుని ఇన్ని నెలలు నిద్ర చెడగొట్టుకున్నాను. కాలు దించాను. బస్సు పోయింది.

ఏదో వెలుగు కనపడి ప్రశాంతంగా తిరిగొచ్చాననుకోవద్దు. గేటు దాకా కాళ్ళు వెనక్కి గుంజుతానే ఉన్నయ్. చెయ్యి ఇంకా ఊరుకోవట్లా. బహుశా ఇట్టానే ఉంటానేమో, ఎక్కడున్నా. కానీ ఈసారి నన్నెవరూ తోయలా, ఎవరూ లాగలా. ఆ సాయంత్రమే దరఖాస్తు రాసిచ్చాను. నాలుగు లైన్లు. ఆగస్టు పదిహేను, మరియమాత పండగ నాడు మాటపట్టు.

అమ్మకి ఈ మాట నువ్వు చెప్పొద్దు. నాన్న అడిగింది నిజం, నన్నెవరూ అడగలా, నేనూ ఎవరికీ సరిగా చెప్పలా. ఈసారి నేనే చెప్పాలి. సిస్టర్‌ని బతిమాలి అనుమతి తీసుకున్నా, వచ్చే ఆదివారం అమ్మని ఒక్కదాన్నే పంపించు. రోజంతా నాతో ఉండొచ్చు. నా ముఖం చూసి చెప్తేనే ఆమె నమ్ముద్ది.

నీ చెయ్యి గురించి రోజూ అడుగుతున్నాను, దేవుణ్ణి. ఇంకెవర్ని అడగను.

మీ శాంతి


పిడుగురాళ్ల,
జూన్ 19.

శాంతీ,

కట్టు విప్పారు. నేనే రాస్తున్నా, అక్షరాలు వంకర పోతే పో. చిటికెన వేలు పూర్తిగా వంగట్లా. గేరు వెయ్యడానికి అడ్డం లేదు. సోమవారం నుంచి బండెక్కుతున్నా.

అమ్మని బస్సెక్కించింది నేనే. ఎందుకో చెప్పలా, శాంతి రమ్మంది అని మాత్రం అన్నా. సాయంత్రం దింపుకోడానికి పోతే ఆమె బస్సు దిగి నా వైపు కూడా చూడకుండా నడిచింది. వీధి మొదట్లో రత్తమ్మ పెద్దమ్మ నిలబెట్టి అడిగింది, "ఏందే ప్రేమమ్మా, పిల్ల వచ్చేస్తోందంటివి, ఏదీ" అని. నేను ఏదో సర్దిచెప్పబోయా. అమ్మ నన్ను ఆపింది. "రాదు. నేనే పోయి కనుక్కొచ్చా" అంది. అంత గట్టిగా అమ్మ మాట్లాడటం నేనెప్పుడూ వినలా.

ఇంట్లోకొచ్చాక ఏడ్చింది. నాన్న పక్కన కూర్చున్నాడు. వాసంతి నన్ను లోపలికి రానీయలా. మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆమె చెప్పదు, నేనూ అడగట్లా. రాత్రి కడుపునిండా తింది. వాసంతి ఇప్పుడు బాగుంది అంటోంది.

నా సంగతి. నాకిష్టం లేదు. నువ్వు రాసింది నాలుగుసార్లు చదివా, ఈసారి తప్పు చదవలా, అయినా ఇష్టం లేదు. ఇంటికి పోవాలని ఉంది, ఉండిపోవాలని లేదు అన్నావే, ఆ ముక్క కాడ ఆగిపోతున్నా. నాకు నువ్వు ఇంట్లో ఉంటే బాగుండు. దానికి ఇంకో కారణం లేదు. నీ మంచికోసం అనుకున్నా ఇన్నాళ్ళూ, నా కోసమే.

ఆగస్టు పదిహేనో తారీకు అందరం వస్తున్నాం. బట్టీల కాడ కుర్రాళ్ళు కూడా వస్తామంటున్నారు, రోకటిపోటు పొడిచిన అమ్మాయిని చూడాలంట, కుదురుగా కూర్చుంటేనే రమ్మన్నా. నాన్న కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. పూజలో తల్లిదండ్రుల్ని లేపి, ఈ పిల్లని ఇవ్వడం మీకు సమ్మతమేనా అని అడుగుతారంటగా. నాన్న, నాకు దగ్గొచ్చిద్ది, నువ్వే చెప్పు అని అమ్మకి అప్పజెప్పాడు. అమ్మ చెప్తానంది.

నేను ఆమె పక్కనే నిలబడతా. నోరు తెరవను. అంతకంటే నన్నేమీ అడగొద్దు.

మీ అన్న